పతకాలు లేని ఆటగాడు – దూలానికి వేలాడే జెర్సీ

1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణంలో, వై.ఎం.సి.ఎ. శిక్షణ కళాశాల అధ్యాపకుడైన జేమ్స్ నైస్మిత్ రెండు పీచ్ పండ్ల బుట్టలను వ్యాయామశాల బాల్కనీ అంచులకు కొట్టించి, చలికాలంలో విద్యార్థులు నాలుగు గోడల మధ్య ఆడుకొనేందుకు కొత్త ఆట ఒకటి కల్పించాడు. ఆ కళాశాలలోనే చదువుకొన్న హారీ క్రో బక్ 1920లో మద్రాసులో వ్యాయామ విద్యా కళాశాలను నెలకొల్పాడు. అక్కడ తర్ఫీదు పొందిన డ్రిల్లు మాస్టర్లు దక్షిణదేశపు బడి మైదానాలకు తమ వెంట తెచ్చిన ఆటలలో బాస్కెట్‌బాల్ ఒకటి. బంతి వచ్చింది, బుట్ట వచ్చింది, నియమాలు వచ్చాయి. ఆ ఆటకు పుట్టినింట పాతుకొన్న ఒక ఆచారం మాత్రం సముద్రం దాటి ఈ మైదానాల దాకా రాలేదు. అదే జెర్సీ విరమణ.

ఆటగాడు ఆట మానుకొన్న తరువాత అతడు ధరించిన నంబరును ఆ జట్టులో మరెవ్వరికీ ఇవ్వకుండా నిలిపివేయడం, ఆ నంబరును పెద్ద వస్త్రంపై కుట్టించి సొంత స్టేడియం కప్పు దూలాలకు శాశ్వతంగా వేలాడదీయడం ఈ ఆచారపు స్వరూపం. దీని ఛాయ భారతదేశంలో క్రికెట్‌లో ఒకసారి స్పష్టంగా కనిపించింది. 2017లో శార్దూల్ ఠాకూర్ 10వ నంబరు చొక్కాతో శ్రీలంకలో బరిలోకి దిగగానే, సచిన్ టెండూల్కర్ నంబరు మరొకరికెలా ఇస్తారని అభిమానులు ఆగ్రహించారు. ఠాకూర్ తరువాత నంబరు మార్చుకొన్నాడు.

టెండూల్కర్ వంటివారి విషయంలో వాదమే లేదు. మైఖేల్ జోర్డాన్ 23ను చికాగో జట్టు నిలిపివేస్తే ఎందుకని ప్రశ్నించినవారు లేరు. చిక్కంతా రెండవ వరుసవారితో వస్తుంది. ఏటా జరిగే ఆల్‌స్టార్ పోటీకి ఒక్కసారైనా ఎంపిక కానివాడు, ఆటకు ఆరు పాయింట్లకు మించి సాధించనివాడు, ఏ పత్రికా ముఖచిత్రంగా ప్రచురించనివాడు పన్నెండేళ్లో పదిహేనేళ్లో ఒకే జట్టుకు ఆడి వెళ్లిపోతే అతని నంబరును కూడా ఆ మహామహుల సరసన వేలాడదీయవచ్చునా? అలా చేస్తే గౌరవం పలుచనవుతుందని ఒక పక్షం. చేయకపోతే కృతఘ్నత అవుతుందని మరొక పక్షం. అమెరికాలో ఈ వివాదం దశాబ్దాలుగా నడుస్తున్నది. చరిత్రను తిరగేస్తే రెండవ పక్షానికే బలం ఎక్కువ కనిపిస్తుంది. ఎందుకంటే ఈ ఆచారం పుట్టుకే ప్రతిభకు బహుమానంగా జరగలేదు.

అది పుట్టింది బాస్కెట్‌బాల్‌లో కాదు, మంచు మీద ఆడే హాకీలో. 1933 డిసెంబరు 12న బోస్టన్‌లో జరిగిన ఆటలో ఎడ్డీ షోర్ అనే ఆటగాడు వెనుకనుంచి ఢీకొట్టగా, టొరాంటో మేపుల్ లీఫ్స్ జట్టుకు చెందిన ఏస్ బెయిలీ తల మంచుకు తగిలి పుర్రె చిట్లింది. ప్రాణం దక్కింది కాని ఆట దక్కలేదు. అతని కుటుంబానికి ఆసరాగా 1934 ఫిబ్రవరి 14న టొరాంటోలో ఒక సహాయార్థ పోటీ ఏర్పాటయింది. కొట్టినవాడు, దెబ్బ తిన్నవాడు మైదానం నడుమ కరచాలనం చేసుకొన్నారు. బెయిలీ ధరించిన 6వ నంబరును ఇక ఎవరూ తొడగరని జట్టు యజమాని కాన్ స్మైత్ ఆనాడే ప్రకటించాడు. ఉత్తర అమెరికా వృత్తి క్రీడలలో ఇదే మొదటి నంబరు విరమణ. బెయిలీ సామాన్యుడు కాడు. 1928–29లో ఆ లీగులో అత్యధిక పాయింట్లు సాధించినవాడు. అయినా నంబరు ఆగిపోయింది ఆ పాయింట్లకు కాదు. జట్టు కోసం ఆడుతూ పోగొట్టుకొన్నదానికి ఆగింది.

బాస్కెట్‌బాల్‌లోకి వచ్చేసరికి ఈ ఆచారాన్ని అందరికంటె విరివిగా పాటించినది బోస్టన్ సెల్టిక్స్ జట్టు. 1963 అక్టోబరులో బాబ్ కూజీ 14ను, ఎడ్ మెకాలీ 22ను ఒకే సభలో విరమింపజేసింది. 2022లో కెవిన్ గార్నెట్ 5వ నంబరు చేరేసరికి ఆ దూలాలకు వేలాడే నంబర్లు 23 అయ్యాయి. వీటిలో 1 జట్టు స్థాపకుడు వాల్టర్ బ్రౌన్‌ది, 2 శిక్షకుడు రెడ్ ఆర్‌బాక్‌ది. మిగిలినవాటిని పరిశీలించినవారికి ఒక విశేషం కనిపిస్తుంది. ఫ్రాంక్ రామ్‌సే, కె.సి. జోన్స్, టామ్ శాండర్స్, డాన్ నెల్సన్, సెడ్రిక్ మాక్స్‌వెల్ – ఈ ఐదుగురూ ఒక్క ఆల్‌స్టార్ పోటీలోనూ ఆడినవారు కారు. రామ్‌సే ఆట మొదలైనప్పుడు బెంచీ మీద కూర్చుని, అలసిన జట్టుకు ఊపిరి పోయడానికి మధ్యలో దిగేవాడు. నెల్సన్‌ను 1965లో లాస్ ఏంజెలెస్ జట్టు వద్దనుకొని వదిలివేస్తే బోస్టన్ చేరదీసింది. అతడు ఐదు ఛాంపియన్‌షిప్‌లలో పాలుపంచుకొన్నాడు. శాండర్స్ పని ప్రత్యర్థి జట్టులోని మేటి ఆటగాడిని ఆపడం. ఆపినవానికి పాయింట్లు రావు. అటువంటి పనితో అతడు ఎనిమిది ఛాంపియన్‌షిప్‌లు చూశాడు. లీగులో అందరికంటె ఎక్కువగా 18 ఛాంపియన్‌షిప్‌లు గెలిచిన జట్టే ఇలాంటివారిని కప్పుకెత్తడంలో అందరికంటె ఉదారంగా ఉన్నది. గౌరవం పలుచనవుతుందని వాదించేవారు ముందుగా జవాబు చెప్పవలసినది ఈ బోస్టన్ దూలాలకే.

లాస్ ఏంజెలెస్ లేకర్స్ జట్టుది ఇందుకు విరుద్ధమైన మార్గం. స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని క్రీడా కీర్తిమందిరం, అంటే హాల్ ఆఫ్ ఫేమ్‌లో స్థానం లభించిన ఆటగాడి నంబరునే విరమింపజేయాలన్నది ఆ జట్టు పాటిస్తూ వచ్చిన నియమం. ఈ నియమంలో ఒక సౌకర్యం ఉన్నది: నిర్ణయం తమది కాదు, మరొకరిది. నష్టమూ అక్కడే ఉన్నది. మైకేల్ కూపర్ 1978 నుంచి 1990 వరకు ఆ జట్టుకే ఆడాడు. ఐదు ఛాంపియన్‌షిప్‌లు గెలిచాడు. 1987లో లీగు మొత్తానికి ఉత్తమ రక్షక ఆటగాడిగా ఎంపికయ్యాడు. ఆల్‌స్టార్ మాత్రం ఎన్నడూ కాలేదు. 2024లో కీర్తిమందిరం తలుపు తెరిచిన తరువాతనే, 2025 జనవరిలో, లేకర్స్ అతని 21వ నంబరును ఎత్తింది. ఆట ముగించిన 35 ఏళ్లకు! కూపర్ ఏం చేశాడో చూసిన నగరం అదే, ఆ పని విలువ తెలిసిన జట్టూ అదే. తమ ఇంటి మనిషి యోగ్యతను నిర్ణయించడానికి పొరుగూరి పరీక్షాధికారుల పట్టిక కోసం ఎదురుచూడటం వింతగా తోస్తుంది. అదే జట్టుకు డెరెక్ ఫిషర్ ఐదు ఛాంపియన్‌షిప్‌లు అందించాడు. 2004లో గడియారంలో సెకనులో పదింట నాలుగు వంతులు మాత్రమే మిగిలి ఉండగా బంతి అందుకొని శాన్ ఆంటోనియోపై అతడు వేసిన బుట్టను ఆ ఊరు నేటికీ చెప్పుకొంటుంది. అతడు ధరించిన 2వ నంబరు మాత్రం తరువాత కొత్తవాళ్ల వీపుల మీదికి వెళ్లింది.

బిరుదులను కొలమానంగా పెట్టుకొంటే వచ్చే చిక్కు ఏమిటంటే, లెక్కలోకి ఎక్కిన పనికే బిరుదు దక్కుతుంది. ఎన్.బి.ఎ. లీగు ప్రత్యర్థి చేతి బంతిని లాక్కోవడాన్ని, వేసిన బంతిని గాలిలోనే అడ్డుకోవడాన్ని లెక్కించడం మొదలుపెట్టినది 1973–74లో. బిల్ రసెల్ 1969 వరకు 13 ఏళ్లపాటు ఎన్ని బంతులను అడ్డుకొన్నాడో ఏ అధికారిక పట్టికలోనూ లేదు. అలా లెక్క మొదలైన తొలి ఏడాది బంతులు లాక్కోవడంలో లీగుకు ప్రథముడిగా నిలిచినవాడు పోర్ట్‌లాండ్ ట్రైల్ బ్లేజర్స్‌కు చెందిన లారీ స్టీల్. ముందు ఏడాది కూడా అతడు అదే పని చేసి ఉంటాడు, రాసుకొన్నవారు లేరు. తోటివాడికి దారి ఇవ్వడానికి తన ఒంటిని గోడలా నిలబెట్టడం, దూసుకువచ్చేవాడి ఎదుట నిలిచి ఢీ తిని కింద పడటం వంటి పనులను లీగు ప్రజల ముందు పెట్టడం 2016లో గాని మొదలు కాలేదు. పాఠశాల హాలులో ప్రథమ స్థానం పొందినవారి పేర్లు బంగారు రంగు అక్షరాలలో ఉంటాయి. నలభై ఏళ్లు వేళ తప్పకుండా గంట కొట్టినవాని పేరు రాయడానికి బోర్డు ఉండదు. అది ఎవరి దురుద్దేశమూ కాదు. ఆ పనికి మార్కులు లేవు, అంతే.

పోర్ట్‌లాండ్ ఈ లోపాన్ని తన పద్ధతిలో సరిదిద్దుకొన్నది. 1970లో పుట్టిన ఆ జట్టు 1977లో మొట్టమొదటిసారిగా చివరి అంచె పోటీలకు అర్హత పొంది, పొందిన ఏడాదే ఛాంపియన్‌షిప్ గెలిచింది. ఫైనల్స్‌లో ఫిలడెల్ఫియాతో మొదటి రెండు ఆటలు ఓడి, తరువాత వరుసగా నాలుగు గెలిచింది. ఆ నగరం చూసిన ఎన్.బి.ఎ. ఛాంపియన్‌షిప్ అదొక్కటే. ఆనాటి జట్టులో మహామేటి బిల్ వాల్టన్. అతని 32వ నంబరు సహజంగానే పైకెక్కింది. అక్కడితో ఆగలేదు. ఫైనల్స్‌లో జూలియస్ ఎర్వింగ్‌ను కాచుకొనే భారం మోసిన బాబ్ గ్రాస్ 30, తొమ్మిదేళ్ల క్రీడాజీవితమంతా ఆ ఊరికే ఇచ్చిన లారీ స్టీల్ 15, మోకాళ్లు సహకరించకున్నా ఆడిన లాయిడ్ నీల్ 36 కూడా పైకెక్కాయి. శిక్షకుడు జాక్ రామ్‌సే ఆటగాడు కాడు కనుక అతనికి ఆ గెలుపు సంవత్సరాన్నే, 77ను, నంబరుగా ఇచ్చారు. పొరుగు ఊళ్లవారికి ఈ పేర్లలో సగం తెలియవు. తెలియనవసరమూ లేదు. ఆ వస్త్రాలు వేలాడుతున్నది పోర్ట్‌లాండ్ కప్పు కింద.

ఇక్కడే కీర్తిమందిరానికీ దూలానికీ తేడా తెలుస్తుంది. మందిరం ఆట మొత్తానిది. అక్కడ తూకం కఠినంగా ఉండవలసిందే. దూలం ఒక ఊరిది, ఒక జట్టుది. 1980లో ఏర్పడిన డల్లాస్ మావెరిక్స్ 1992లో తొలిసారిగా విరమింపజేసిన నంబరు బ్రాడ్ డేవిస్ ధరించిన 15. అతడు ఆల్‌స్టార్ కాడు. పలు జట్లు వద్దన్న తరువాత డల్లాస్‌కు వచ్చినవాడు. కొత్త జట్టు ఓటములతో మొదలుపెట్టిన ఏడాది నుంచి 12 సీజన్లు అక్కడే ఉన్నాడు. ఓక్లహోమా సిటీ కథ మరింత చెప్పుకోదగినది. సియాటిల్ నుంచి 2008లో ఆ ఊరికి తరలివచ్చిన జట్టు 2019 మార్చి 20న తన తొలి నంబరు విరమణ జరిపింది. కెవిన్ డ్యురాంట్, రస్సెల్ వెస్ట్‌బ్రూక్ వంటి మేటి తారలు ఆడిన జట్టు అది. ఆ గౌరవం మొదట అందినది మాత్రం నిక్ కాలిసన్‌కు, అతని 4వ నంబరుకు. ఆటకు సగటున 5.9 పాయింట్లు, 5.2 రీబౌండ్లు – అతని లెక్క అంతే. 2003లో సియాటిల్ ఎంచుకొన్నది మొదలు 2018లో ఆట మానేవరకు జట్టు ఊరు మారింది, పేరు మారింది, తారలు వచ్చి వెళ్లారు, కాలిసన్ మారలేదు.

మయామీ హీట్‌లో ఉడోనిస్ హాస్లెంది ఇంకో దారి. ఏటా కొత్త ఆటగాళ్లను జట్లు ఎంచుకొనే డ్రాఫ్ట్‌లో 2002లో అతన్ని ఏ జట్టూ పిలవలేదు. ఫ్రాన్స్ వెళ్లి ఒక ఏడాది ఆడి, పుట్టిన ఊరైన మయామీకి తిరిగివచ్చి 20 సీజన్లు ఉన్నాడు. 2010లో ఇతర జట్లు ఎక్కువ సొమ్ము ఇస్తామన్నా, తారలను కొనడానికి జట్టుకు వెసులుబాటు కలగాలని తక్కువకే ఒప్పుకొన్నాడు. 2006, 2012, 2013 సంవత్సరాలలో మూడు ఛాంపియన్‌షిప్‌లు గెలిచాడు. 42వ ఏట 2023 ఫైనల్స్‌లో కోర్టులో కాలుమోపి, ఫైనల్స్ ఆడినవారిలోకెల్లా పెద్ద వయసువాడయ్యాడు. 2024 జనవరి 19న అతని 40వ నంబరు పైకెక్కింది. అదే మయామీ జట్టు 2003లో, సొంత ఆటగాళ్లలో ఒక్కరి నంబరూ ఇంకా ఎత్తకముందే, మైఖేల్ జోర్డాన్ 23ను విరమింపజేసి ఉన్నది. జోర్డాన్ మయామీకి ఒక్క రోజూ ఆడలేదు. ఆ జట్టును ఓడించడానికే ఆ ఊరికి వచ్చేవాడు. బిరుదులే ప్రమాణమైతే మయామీ దూలాలపై జోర్డాన్‌కు హక్కు ఎక్కువ, హాస్లెంకు తక్కువ అని ఒప్పుకోవలసి ఉంటుంది. ఆ మాట మయామీలో అనగలవాడు అరుదు.

అవతలి పక్షం వాదంలో తేలికగా తోసిపుచ్చరానిది ఒకటుంది: నంబర్లు తరగనివి కావు. రిఫరీ తప్పు చేసినవాని నంబరును చేతి వేళ్లతో చూపుతాడు కనుక, 6, 7, 8, 9 అంకెలు ఉన్న నంబర్లను కళాశాల ఆటగాళ్లు తొడగరాదని 2023 వరకు నియమం ఉండేది. ఆ లెక్కన 0, 00లతో కలిపి 37 నంబర్లే ఉంటాయి. వృత్తి జట్లకు ఈ నిషేధం లేకున్నా కళాశాలలో అలవాటైన నంబరునే చాలామంది కోరుకొంటారు. బోస్టన్ ఎత్తిన 23 నంబర్లలో 18 ఈ 37లోనివే. ఇక ఆ కోవలో మిగిలినవి 19. ఈ వేగంతో పోతే మనవల తరానికి మూడంకెల నంబర్లు వెతుక్కోవలసిందేనని నవ్వులాటగా అనేవారున్నారు. శాక్రమెంటో, ఒర్లాండో జట్లయితే ఐదుగురు ఆటగాళ్లకు తోడైన ఆరవవాడు ప్రేక్షకుడేనంటూ 6వ నంబరును అభిమానులకు అంకితం చేశాయి. తరువాత పాట్రిక్ యూయింగ్ ఒర్లాండోకు వచ్చినప్పుడు అభిమానుల నంబరునే తీసి అతనికి తొడిగారు. పొగడ్తగా ఇచ్చినదానిని తిరిగి తీసుకోవడం సులువే!

అకాలమరణం పాలైనవారి సంగతి వేరుగా చూడవలసినది. 1993లో 27 ఏళ్లకే గుండె ఆగి మరణించిన రెజ్జీ లూయీస్ 35ను బోస్టన్ 1995లో ఎత్తింది. మినసోటా జట్టు మొట్టమొదట విరమింపజేసిన నంబరు మాలిక్ సీలీది. అతడు రెండు సీజన్లే ఆ జట్టులో ఉన్నాడు. 2000 మే 20న, సహచరుడు కెవిన్ గార్నెట్ పుట్టినరోజు వేడుకనుంచి ఇంటికి వస్తుండగా, తాగి బండి నడిపినవాడు ఢీకొట్టి మరణించాడు. ఆ ఏడాదే అతని 2వ నంబరును నిలిపివేశారు. రెండు సీజన్లకు ఇంత గౌరవమా అని అడగవచ్చును. అడిగినవారు ఏస్ బెయిలీ రోజునుంచీ ఈ ఆచారంలో దుఃఖానికీ చోటు ఉన్నదని మరచిపోరాదు. పదమూడేళ్ల తరువాత గార్నెట్ బ్రూక్లిన్ జట్టుకు మారినప్పుడు తన వీపున 2 వేయించుకొన్నాడు, సీలీ జ్ఞాపకంగా.

గౌరవాన్నీ నంబరునూ విడదీస్తే ఈ తగవులో చాలా భాగం తీరిపోతుంది. శాన్ ఆంటోనియో స్పర్స్ ఈ విషయంలో మొదటినుంచీ ఉదారమైనదే. పలు జట్లు వదులుకొన్న ఏవరీ జాన్సన్ 1999 జూన్ 25న న్యూయార్క్‌లో 47 సెకన్లు మిగిలి ఉండగా వేసిన బుట్టతో ఆ జట్టుకు తొలి ఛాంపియన్‌షిప్ వచ్చింది. అతని 6 2007లో పైకెక్కింది. 2012లో బ్రూస్ బోవెన్ 12 ఎక్కింది. బోవెన్‌కూ డ్రాఫ్ట్‌లో పిలుపు రాలేదు. ఆటకు ఆరు పాయింట్లవాడు. అతని కాపలా మొరటుదని ప్రత్యర్థులు గొణిగేవారు, ఆ కాపలాతోనే స్పర్స్ మూడు ఛాంపియన్‌షిప్‌లు గెలిచింది. 2015లో లామార్కస్ ఆల్డ్రిజ్ ఆ జట్టులో చేరుతూ తన పాత నంబరైన 12ను కోరుకొన్నాడు. బోవెన్ సంతోషంగా సమ్మతించాడు. దీనికీ టొరాంటోలో పూర్వోదాహరణ ఉన్నది. 1968లో ఏస్ బెయిలీ తానే ముందుకు వచ్చి, తన 6వ నంబరును రాన్ ఎల్లిస్ అనే ఆటగాడు ధరించాలని కోరాడు. ఎల్లిస్ ఆట మానేవరకు దానినే తొడిగాడు.

అందరికంటె తెలివైన ఏర్పాటు బోస్టన్‌కు చెందిన జిమ్ లాస్కటాఫ్ చేసుకొన్నది. 1955లో జట్టులో చేరిన లాస్కటాఫ్ పని కూజీ వంటి సహచరులపై చేయి చేసుకోవడానికి వచ్చినవారికి అడ్డుపడటం. సగటు ఆరు పాయింట్లు; ఆల్‌స్టార్ పిలుపు ఒక్కటీ లేదు; 1964 నాటికి ఏడు ఛాంపియన్‌షిప్‌లు. జట్టు అతన్ని గౌరవించదలచినప్పుడు, తన 18వ నంబరును నిలిపివేయవద్దని, రేపు వచ్చేవాడు ఎవడైనా తొడుక్కోవచ్చునని అతడు కోరాడు. అందుచేత నంబరుకు బదులు అతని ముద్దుపేరు ‘లాస్కీ’ని వస్త్రంపై కుట్టించి వేలాడదీశారు. 1970లో డేవ్ కవెన్స్ అనే ఎర్రజుట్టు కుర్రవాడు బోస్టన్‌కు వచ్చి ఆ 18ను తొడిగాడు. 1973లో లీగుకే అత్యుత్తమ ఆటగాడయ్యాడు, 1974లోను 1976లోను ఛాంపియన్‌షిప్‌లు గెలిచాడు. 1981లో 18వ నంబరు అతని పేరిట పైకెక్కింది. ఆ కప్పు కింద నేడు ఆ రెండు జ్ఞాపకాలూ ఉన్నాయి: ఒకటి 18, మరొకటి లాస్కీ.